ఎంవీపీ కాలనీ మాస్టారి లెక్కల ట్యూషన్: నాలుగు నెలల తర్వాత నా మాట

మా పాప తొమ్మిదో తరగతి. విశాఖపట్నం అక్కయ్యపాలెంలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. నాలుగు నెలలుగా ఆదివారాలు పాపని ఎంవీపీ కాలనీలో ఈ రిటైర్డ్ మాస్టారి దగ్గరికి తీసుకెళ్తున్నాను. బీజగణితం అంటే టెన్షన్ పడే పిల్లల కోసమే ఈ బ్యాచ్.

అంతకుముందు ట్యూషన్‌లో "ఇటు ప్లస్ అటు వెళ్తే మైనస్" అని బట్టీ పట్టించారు. ఎందుకని అడిగితే పరీక్షలో అది రాదన్నారట. లెక్క మాటల్లో ఇస్తే చాలు, పాప పెన్ను కింద పెట్టేసేది.

ఇక్కడ మొదటి రోజు మాస్టారు తక్కెడ కట్టారు. ఒక పళ్ళెంలో ఒకే బరువున్న మూడు బెల్లం పొట్లాలు, 100 గ్రాముల రాయి. రెండో దాంట్లో 500, 200 రాళ్లు. తూకం సరిపోయింది. ఇటు 100 తీసేశారు, పళ్ళెం పైకి లేచింది. అటు 200 తీసి 100 పెట్టారు, మళ్లీ సమానం. మూడు పొట్లాలు 600, ఒక్కోటి 200. అటు వెళ్లి మైనస్ అవడమంటే రెండు పక్కలా అంతే తీసేయడమని ఆ రోజు పాపతో పాటు వరండాలో కూర్చున్న నాకూ తెలిసింది.

ఇంకోరోజు స్కూలు ఆటోల లెక్క ఇచ్చారు. ఒక్కో ఆటోలో ఆరుగురు పిల్లలు. పిల్లల సంఖ్య 'పి', ఆటోల సంఖ్య 'ఏ', సమీకరణం రాయమన్నారు. చాలామంది 6పి = ఏ అని రాశారు. వాక్యం ఎలా వినిపిస్తే అలా రాసేస్తారు, మా పాపా అంతే. మాస్టారు తప్పు అనలేదు, "మూడు ఆటోలు వేసి చూడండి" అన్నారు. పిల్లలు అర వచ్చారు! అప్పుడు వాళ్లే పి = 6ఏ అని దిద్దుకున్నారు. అక్షరం అంటే వస్తువు కాదు, దాని సంఖ్య అని ఆయన ప్రతి వారం చెబుతారు.

ఆ మాట మా ఇంటికొచ్చింది. ఓ రాత్రి పాప నా బిల్లు పుస్తకం వెనక రాస్తూ "అమ్మా, షాపు అద్దె ఎంత?" అంది. అద్దె 6,000, కరెంటు 820. లైనింగ్ బ్లౌజుకి 400 తీసుకుంటాను, అందులో లైనింగ్ గుడ్డ, హుక్కులు, దారం 90. మొదట "ఎక్స్ = బ్లౌజులు" అని రాసింది. దాన్ని కొట్టేసి "నెలలో కుట్టే బ్లౌజుల సంఖ్య" అని రాసింది. 400ఎక్స్ నుంచి 90ఎక్స్ పోతే 310ఎక్స్, అది 6,820కి సమానం. ఎక్స్ 22. అంటే ఇరవైమూడో బ్లౌజు నుంచే నా కష్టానికి డబ్బు. పన్నెండేళ్ల షాపులో ఈ ఇరవైరెండు నాకెవరూ చెప్పలేదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పద్దెనిమిది కుడితే గొప్ప అన్నాను. 18 వేసి చూసి, "1,240 చేతి నుంచి పడుతుంది" అంది. ఈ ఆషాఢానికి ముందే ఫాల్స్, పికో పని ఎక్కువ తీసుకోవాలని అప్పుడే అనుకున్నాను.

ఒకసారి పిల్లల్ని రైతుబజారుకీ తీసుకెళ్లారు. రెండు కిలోల టమాటా, కిలో ఉల్లిపాయలు 85. కిలో టమాటా, రెండు కిలోల ఉల్లి 80. విడిగా ధరలెంతో కట్టి, ధరల బోర్డు దగ్గరికెళ్లి సరిచూసుకున్నారు. 30, 25.

లోటు కూడా చెప్పాలి. సర్వసమీకరణాలు (ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ లాంటి సూత్రాలు), కారణాంకాలు ఇక్కడ నెమ్మదిగా సాగుతాయి. పరీక్షకి చేయి తిరగాలంటే ఆ ప్రాక్టీసు చాలదు. నేను అడిగాక వారానికో షీటు ఇస్తున్నారు, ఇంకా కావాలి. గది చిన్నది, పద్నాలుగు మందికి ఒకటే ఫ్యాను.

ఫీజు నెలకి 800. మీరు వస్తే మొదటి క్లాసుకి ఏడున్నరకల్లా చేరండి, ముందు వరుసలో కూర్చుంటేనే తక్కెడ ముల్లు కనిపిస్తుంది.