శుభలేఖ మీద పేర్లకు బొడోనియా, స్నెల్ రౌండ్‌హ్యాండా?

హనుమకొండలో పెళ్లి కార్డు వేయిస్తూ వధూవరుల పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టాలనుకుంటే ఈ రెండు ఫాంట్లూ తప్పక చూడండి.

బొడోని సెరిఫ్ రకం, అంటే అక్షరాల కొసల్లో చిన్న తోకల్లాంటి గీతలుంటాయి. 1768 నుంచి ఇటలీలోని పార్మాలో రాజముద్రణాలయాన్ని నడిపిన జాంబాటిస్టా బొడోని పేరే దానికి వచ్చింది. నిలువు గీతలు లావు, అడ్డగీతలు వెంట్రుకంత సన్నం. అప్పటికి కాగితం నునుపెక్కి అచ్చు పని మెరుగుపడింది కాబట్టే అంత సన్నని గీత సాధ్యమైంది. అందుకే గరుకు హ్యాండ్‌మేడ్ కాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయిస్తే, చిన్న సైజులో ఆ గీతలు మాయమవుతాయి.

స్నెల్ రౌండ్‌హ్యాండ్ పుట్టుక నాకు ఇంకా ఇష్టం. ఇంగ్లండ్‌లో దస్తూరి నేర్పిన చార్లెస్ స్నెల్ ఈక కలం రాతను చూసి 1960ల్లో ఫాంట్లు గీసే మాథ్యూ కార్టర్ దాన్ని గీశారు. సీసపు అచ్చులో ఒక్కో అక్షరం విడి దిమ్మె. వాలుగా ఉండే గొలుసుకట్టును అతుకు తెలియకుండా కలపడం కష్టం. సీసపు దిమ్మెలు లేకుండా ఫోటో పద్ధతిలో అక్షరాలు కూర్చే ఫోటోటైప్‌సెట్టింగ్ వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. అయితే ఇందులో పేరంతా క్యాపిటల్స్‌లో వేయించొద్దు, చదవలేం. అక్షరాల మధ్య ఎడం పెంచినా గొలుసు తెగుతుంది.

కార్డు పైన కాకతీయ కళాతోరణం ఉంటే నా ఓటు బొడోనికే. ఆ నిలువు స్తంభాల కింద దాని నిటారు గీతలు చక్కగా నప్పుతాయి. తోరణం లేకపోతే స్నెల్. ముహూర్తం, ఫంక్షన్ హాల్ అడ్రస్ మాత్రం రెండింటిలోనూ వద్దు, మామూలు ఫాంటే పెట్టించండి.