రైలు పాటా, దుకాణం పాటా: వ్యాకరణం ఏది బాగా నేర్పింది?

1970లలో అమెరికాలో శనివారం పొద్దున ఏబీసీ చానల్‌లో కార్టూన్ల మధ్య పాఠాలు నేర్పే మూడేసి నిమిషాల ‘స్కూల్‌హౌస్ రాక్’ పాటలు వచ్చేవి. అప్పటి పిల్లలకు ఇప్పటికీ నోటికొచ్చేవాటిలో రెండు: మాటల్ని కలిపే పదాల (కంజంక్షన్ల) మీద రైలు పాట ‘కంజంక్షన్ జంక్షన్’ (1973), లాలీ వాళ్ల యాడ్వెర్బ్ (క్రియావిశేషణం) దుకాణం పాట (1974). రెండూ బాబ్ డోరో రాసినవే.

మొదటిదాన్ని పాడింది జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు జాక్ షెల్డన్. మాటలు రైలు పెట్టెలు, వాటిని తగిలించే కొక్కేలు ‘అండ్’, ‘బట్’, ‘ఆర్’. టీవీ గొంతు నొక్కేసినా పాఠం అర్థమవుతుంది. అంత చక్కటి బొమ్మ అది.

రెండోదానిలో తాత, తండ్రి, కొడుకు కలిసి దుకాణం నడుపుతారు. విశేషణానికి ‘లీ’ చేరిస్తే క్రియావిశేషణం. చేతికందే సూత్రమే, కానీ దాన్నొక్కదాన్నే పట్టుకుంటే పిల్లలు తప్పులో కాలేస్తారు: ‘ఫ్రెండ్లీ’ చివర ‘లీ’ ఉన్నా అది విశేషణమే, ‘ఆఫెన్’లో ‘లీ’ లేకున్నా క్రియావిశేషణమే. పాట అయ్యాక ఈ రెండు మాటలూ కాగితం మీద రాసి చూపించాలి.

ఇంగ్లిషుకు నా ఓటు రైలుకే. ఇంట్లో తెలుగు కూడా నేర్పేవాళ్లకు మాత్రం దుకాణమే మేలు. ‘నెమ్మది’కి ‘గా’ చేరిస్తే ‘నెమ్మదిగా’, అచ్చం ‘లీ’ లాగే. రైలు బొమ్మ వాడుక తెలుగులో ‘కానీ’, ‘లేదా’ వరకు నడుస్తుంది, ‘అండ్’ దగ్గర ఆగిపోతుంది. ‘అక్కా తమ్ముడూ వచ్చారు’లో విడి కొక్కెం ఏదీ? ప్రతి పెట్టె చివరి అచ్చే సాగి కొక్కెమైంది.