కార్సన్ సిటీ ట్రిప్: పాత అమెరికా డాలర్ల కోసం వెళ్తే రీనోలో దిగకండి

బే ఏరియా వాళ్ళు లేక్ తాహో దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చేస్తారు గానీ కొండ దిగి ఇంకాస్త ముందుకు పోతే నెవాడా రాజధాని కార్సన్ సిటీ వస్తుంది, పాత నాణేల మీద ఏ కాస్త ఇంట్రెస్ట్ ఉన్నా అక్కడ ఒక పూట ఆగండి. మా బావకి ఎస్టేట్ సేల్స్‌లో (ఇళ్ళలో పాత సామాను అమ్మకాల్లో) మోర్గాన్ డాలర్లు, అంటే పాత అమెరికా వెండి డాలర్లు, కొనే పిచ్చి, ఆయన పోరు పడలేకే మేమూ బయల్దేరాం.

కార్సన్ స్ట్రీట్‌లో ఉన్న స్టేట్ మ్యూజియమే ఒకప్పటి టంకశాల. పక్కనే కామ్‌స్టాక్ గనుల్లో వెండి పడింది కదా, అందుకని 1870 నుంచి 1893 దాకా, మధ్యలో కొన్నేళ్ళు ఆపి, ఇక్కడే నాణేలు కొట్టారు. అప్పటి ఒకటో నంబర్ ప్రెస్ ఇప్పటికీ పనిచేస్తుంది, దాని మీద మెడల్స్ కొట్టి చూపిస్తారు, కాకపోతే రోజూ ఉండదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. పిల్లలకైతే కింద కట్టిన నమూనా గని తెగ నచ్చేస్తుంది.

అసలు సరుకు అద్దాల బీరువాల్లో ఉంది. మోర్గాన్ డాలర్ వెనకవైపు గద్ద కింద ఆకుల దండ, దాని ముడి కింద చిన్నగా రెండు 'సీ'లు, అదే కార్సన్ ముద్ర. ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టినవాటికి అక్కడ ఖాళీ. అరిగిందా లేదా చూడాలంటే ముందువైపున్న లిబర్టీ దేవి బొమ్మలో చెవి పైన జుట్టు, గద్ద రొమ్ము మీద ఈకలు చూడాలి, ముందు పోయేవి అవే.

నాకు బాగా నచ్చిన లెక్క ఇంకోటుంది. ఇక్కడ 1881లో కొట్టిన మోర్గాన్ డాలర్లు 2,96,000, 1889లో 3,50,000. తక్కువ కొట్టిందే ఖరీదు అనుకుంటాం కదా, కాదు, 1889దే చాలా రెట్లు ఎక్కువ. ఎందుకంటే 1881వి సగం దాకా ట్రెజరీ (ప్రభుత్వ ఖజానా) సంచుల్లో చెక్కుచెదరకుండా ఉండిపోయి 1970ల్లో ప్రభుత్వం అమ్మేసింది, 1889వి ఆ సంచుల్లో దాదాపు లేనే లేవు. అందుకే మామూలు డాలర్‌కి ఆ ముద్ర అతికించి అమ్మే మోసగాళ్ళు కూడా ఉన్నారు, చిన్న కాటా, భూతద్దం దగ్గరుంచుకోండి, సరైన బరువు 26.73 గ్రాములు, కాకపోతే బరువు సరిపోయినంత మాత్రాన ముద్ర అసలుదని కాదు.

స్టే విషయానికొస్తే, మొదటి రాత్రి దగ్గర్లోని పెద్ద ఊరు రీనోలో ఒక కాసినో హోటల్, రూమ్ చవకే గానీ రిసార్ట్ ఫీజు వేరే, కారిడార్ నిండా సిగరెట్ కంపు. తర్వాత కార్సన్‌లోనే మామూలు మోటెల్‌కి మారాం, హంగులేం లేవు, పార్కింగ్ ఫ్రీ, మ్యూజియంకి నడిచిపోవచ్చు, నా ఓటు దానికే. పక్కనే ఉన్న పాత గనుల ఊరు వర్జీనియా సిటీకి ఒక పూట చాలు, చెక్క నడవాలు బాగుంటాయి, కొనడానికి మాత్రం ఎక్కువ సావనీర్లే.

కాయిన్ షాపుల్లో ఒకాయన తేదీ కూడా చూడకుండా కాటా మీద పడేసి వెండి రేటు చెప్పాడు. ఇంకో షాపులో పెద్దాయన లూప్ (కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం) పెట్టి ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఇది ఎవరో తోమేశారు, సగం రేటు పోయింది అన్నాడు. మన ఇంట్లో వెండి కుందులకి విభూతి పెట్టి తోమినట్టు వీటిని అస్సలు తోమకూడదు, నల్లబడితే నల్లబడనీండి. ఇరవై డాలర్ల బంగారు నాణెం చేతికిచ్చాడు, అందులో అసలు బంగారమే 30 గ్రాములు, మన లెక్కలో మూడు తులాలు, కాబట్టి మామూలు సంవత్సరానిదైనా ముందు ఆ రోజు బంగారం రేటు చూసుకునే బేరం మొదలెట్టాలన్నాడు. బావ 1921 డాలర్లకి మాత్రం, గ్రేడింగ్‌కి (నాణెం ఎంత బాగుందో తేల్చి సర్టిఫై చేసే కంపెనీకి) పంపితే ఫీజు దండగ, ఇంట్లో పెట్టుకోండి అని నవ్వేశాడు.