పెర్త్ ఇసుకలో పంజాంగ్ వాటిల్: ఏడేళ్ళ తర్వాత నా మాట

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఇల్లు కొన్న కొత్తలో వెర్జ్ మీద, అంటే ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య ఉండే ఆ ఇసుక ముక్కలో, ఏం వేసినా మాడిపోయేది. గడ్డి పోయింది, బంతి పోయింది, ఊరు గుర్తొచ్చి పెట్టిన మందారం కూడా పోయింది. ఆఖరికి ఈ ఇసుకలోనే పుట్టిన పొట్టి వాటిల్, అంటే మన తుమ్మకి దగ్గరి చుట్టమైన ఆస్ట్రేలియా పొద, ఇక్కడ పంజాంగ్ అంటారు, అసలు పేరు అకేసియా లాసియోకార్పా, ఆరు మొక్కలు తెచ్చాను.

మొదటి విడతలో నాలుగు చచ్చాయి. నాటింది నవంబరులో, అంటే ఇక్కడ ఎండలు ముదిరే ముందు. నీళ్ళు పోస్తే చాలన్నారు నర్సరీలో, రోజూ పోశాను. తీరా ఎండిన మొక్క కింద తవ్వి చూస్తే పైన రెండు వేళ్ళ మందం తడి, ఆ కింద పిండిలా పొడి! ఇక్కడి ఇసుక మీద నీళ్ళు పూసల్లా దొర్లి పక్కకి పోతాయి తప్ప లోపలికి దిగవట, ఆ ముక్క ముందే ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడాది మే నెలలో వాన పడ్డాక నాటినవన్నీ బతికాయి. రెండో ఎండాకాలం నుంచి చుక్క నీరు పోయలేదు. ఇక్కడ తోటకి నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లు వారానికి రెండు రోజులే పెట్టుకోనిస్తారు, చలికాలం మూడు నెలలూ పూర్తిగా బంద్, ఆ టెన్షన్ ఏదీ దీనికి లేదు.

మోకాలెత్తు, అడ్డంగా మీటరు పైనే పరుచుకుంది. జూలై వచ్చేసరికి శనగగింజంత పసుపు బంతులు ఆకు కనపడనంతగా పూస్తాయి, తేనెటీగల మోత కారు దిగేటప్పుడే వినిపిస్తుంది. చిన్నప్పుడు మా అక్క చెవులకి పెట్టుకున్న తుమ్మపూలు అచ్చం ఇవే. నిజానికి అకేసియా అనే పేరు మొదట మన నల్లతుమ్మదే, 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్రజ్ఞుల మహాసభ ఆ పేరు ఆస్ట్రేలియా వాటిల్స్‌కి ఉంచేయడంతో మన తుమ్మ వాచెలియా అయి కూర్చుంది. ఇది తెలిసిన రోజు కొంచెం ఉడుక్కున్నాను.

ఇక ముళ్ళు. కొమ్మ కొసలే ముల్లుగా మారతాయి, మా వాడి ఫుట్‌బాల్ రెండుసార్లు పంక్చరైంది, తోలు గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టను. పూత అయ్యాక కొసలు కాస్త కత్తిరిస్తే గుబురుగా ఉంటుంది కానీ, ఒకదాన్ని ముదురు కాండం దాకా నరికాను, అది మళ్ళీ చిగురించలేదు. ఆరో ఏడు నుంచి పాతవాటికి నడుమ ఖాళీ పడుతోంది, వాటిల్స్‌కి ఆయుష్షు తక్కువే. ఖాళీల్లోకి సొంతంగా మొలకెత్తిద్దామని నూగు కాయల్లోంచి గింజలు తీసి మరుగు నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టాను, పదింట్లో నాలుగు మొలిచాయి, వచ్చే మే నెలలో నాటాలి.

గేటు పక్కన, పిల్లలు పరిగెత్తే చోట మాత్రం పెట్టకండి. ఎండ నేరుగా కొట్టే వెర్జ్ ఉంటే ఇంకోటి వెతకక్కర్లేదు.