ప్రత్యేకమైన డిన్నర్‌కి కొత్త రెస్టారెంటా, పాతదా?

ఖర్చు: కొత్తచోట ప్రారంభ ఆఫర్లుంటాయి, కానీ చాలాసార్లు కొన్ని రోజులకే, కొన్ని ఐటమ్స్‌కే. పాతచోట బిల్లు ఎంతవుతుందో ముందే లెక్క కట్టొచ్చు.

శ్రమ: పాతదానికి ఒక్క ఫోన్ చాలు. కొత్తదానికి రివ్యూలు తిరగెయ్యాలి. స్టార్లు పక్కన పెట్టి, ఈ నెలలో తిన్నవాళ్లు పెట్టిన ఫొటోలు చూడండి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. కొత్తచోట వంటవాళ్లకీ వెయిటర్లకీ ఇంకా సమన్వయం కుదరదు. రద్దీ పెరిగిందంటే ఒకరి ప్లేటు ఖాళీ అయ్యాక గానీ పక్కవాళ్లది రాదు. కలిసి తినడానికే కదా వెళ్లింది! పాతచోట ప్రమాదం వేరు: వంటమాస్టర్ మారిపోయి పేరొక్కటే మిగిలి ఉండొచ్చు. అందుకే ఏడాదిగా వెళ్లకపోతే, ముందు ఒకరోజు పార్సిల్ తెప్పించుకుని రుచి చూడండి.

ఎవరికి ఏది: పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నా, ఆరుగురికి మించినా పాతదే. ఇద్దరే వెళ్తూ, కాస్త ఆలస్యమైనా పర్వాలేదనుకుంటే కొత్తది. అదీ వారం మధ్యలో, శనివారం రాత్రి మాత్రం వద్దు.

ఎక్కడికెళ్లినా అలర్జీల సంగతి టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పండి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు చెబితే, పొద్దున్నే కలిపి ఉంచిన సాస్‌లోంచి ఎవరూ ఏదీ తీయలేరు.