‘ద ల్యాబ్’: పరిశోధనలో నిజాయితీపై ఒక వీడియో పాఠం

సైన్స్ విద్యార్థులకు పరిశోధన నైతికతను బోధించే పాఠాలు చాలావరకు నిబంధనల వల్లెవేతతోనే సరిపెడతాయి. లేని డేటాను సృష్టించరాదు, ఉన్నదాన్ని మార్చరాదు, ఇతరుల రాతను తనదిగా చూపరాదు అని చదివి, చివరి ప్రశ్నలకు జవాబులు గుర్తించి, విద్యార్థి సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోతాడు. అమెరికా ప్రభుత్వ విభాగమైన ఆఫీస్ ఆఫ్ రీసెర్చ్ ఇంటిగ్రిటీ ఉచితంగా అందిస్తున్న ‘ద ల్యాబ్’ ఆ దారిన పోలేదు.

ఒక ప్రయోగశాలలో జరిగిన మోసం బయటపడ్డాక కథ వెనక్కి వెళుతుంది. పరిశోధక విద్యార్థిని, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత పరిశోధన కొనసాగించే వ్యక్తి), ల్యాబ్ అధిపతి, పరిశోధన వ్యవహారాల అధికారి, ఈ నలుగురిలో ఒకరి స్థానంలో నిలబడి, కథ ఆగినచోటల్లా ఏం చేయాలో మనమే నిర్ణయించాలి. మోసగాడి పాత్రను మాత్రం మనకు ఇవ్వరు. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన అదే, ఎందుకంటే తరగతిలో కూర్చున్న ఏ విద్యార్థీ తనను తాను మోసగాడిగా ఊహించుకోడు గానీ, పక్కవాడి కాకిలెక్కలు కంటబడినవాడిగా ఇట్టే ఊహించుకోగలడు. అతన్నే నిలదీయాలా, గైడుకు చెప్పాలా, థీసిస్ పూర్తయ్యేదాకా మిన్నకుండాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు, అంతవరకు గట్టిగా వాదించినవారూ తడబడతారు.

అయితే ఇది కల్పిత కథ కావడంతో పర్యవసానాల బరువు పూర్తిగా తెలియదు. ఆ వెలితిని అధ్యాపకుడే నిజ సంఘటనలతో పూడ్చుకోవాలి. అమెరికాలోని పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త యాన్ హెండ్రిక్ షోన్ ఉదంతం అందుకు చక్కగా సరిపోతుంది. వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద చేశానన్న ప్రయోగాల గ్రాఫుల్లో నాయిస్ (కొలతల్లో యాదృచ్ఛికంగా వచ్చే చిన్న హెచ్చుతగ్గులు) సైతం అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉండటంతో అనుమానం మొదలైంది. ముడి డేటా చూపమంటే, కంప్యూటర్‌లో చోటు చాలక చెరిపేశానన్నాడు. సరైన ల్యాబ్ రికార్డులూ లేవు. 2002లో విచారణ కమిటీ 24 ఆరోపణల్లో 16 రుజువయ్యాయని తేల్చగా, 2004లో జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం అతడి డాక్టరేట్‌ను రద్దు చేసింది. గ్రాంటు దరఖాస్తులో తప్పుడు డేటా చూపిన అమెరికా వైద్య పరిశోధకుడు ఎరిక్ పోల్‌మన్‌కు 2006లో ఏడాదికి పైగా జైలు శిక్ష పడింది. ఆ మోసాన్ని బయటపెట్టింది అతడి ల్యాబ్‌లోనే పనిచేసిన ఒక యువ సహాయకుడని చెబితే, వీడియోలోని విద్యార్థిని సందిగ్ధం మరింత స్పష్టమవుతుంది.

కొన్నిచోట్ల ఏ జవాబు ఎంచుకోవాలో ముందే తెలిసిపోవడం మరో లోపం. పైగా కథంతా పరిశోధనా ప్రయోగశాల చుట్టూనే తిరుగుతుంది కనుక, ప్రాక్టికల్స్‌లో గ్రాఫు ముందు గీసుకుని, దానికి సరిపడే రీడింగులను తర్వాత నింపే డిగ్రీ విద్యార్థి తన అలవాటును ఇందులో చూసుకోలేడు. పీహెచ్‌డీలో కొత్తగా చేరినవారికి దీన్ని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. డిగ్రీ తరగతులకైతే ముందు వారి రికార్డు పుస్తకాల మీదే ఒక పూట చర్చ జరిపి, ఆ తర్వాత ఈ వీడియోలోని విద్యార్థిని భాగం ఒక్కటి చూపిస్తే చాలు.