నకిరి కత్తితో తొమ్మిదేళ్లు: అప్పట్లో నేను చెప్పినవాటికి కొన్ని సవరణలు

నకిరి అంటే కూరగాయలు తరిగే జపాన్ కత్తి. ఇందులో నాకు నచ్చింది ఒక్కటే. పోయిన పదును పది నిమిషాల్లో తిరిగొస్తుంది. మిగతా తలనొప్పులన్నీ ఆ ఒక్కదాని కోసం భరిస్తున్నవే. పొడవెంత, బరువెంత, పిడి ఏ కర్ర అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను.

2016లో ఆఫీసు పని మీద ఒసాకాలో మూడు నెలలున్నాను. అక్కడ నంబా దగ్గర దోగుయసుజి అని, అచ్చంగా వంటసామాన్ల దుకాణాలే ఉండే వీధి ఒకటుంది. వెళ్లింది గరిటెలు కొందామని, తిరిగొచ్చింది కత్తితో. పక్కనే ఉన్న సకాయి ఊళ్లో చేసిందన్నారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు జపాన్‌కి పొగాకు తెచ్చాక, ఆ ఆకు తరగడానికి సకాయి కమ్మరులు చేసిన కత్తులకు పెద్ద పేరొచ్చిందట. గుంటూరులో ఉన్న మా బావకి ఈ ముక్క చెబితే కత్తి కంటే ఇదే బాగుందన్నాడు. షాపాయన చిన్న ఉలితో, సుత్తితో అక్కడికక్కడే మా ఆవిడ పేరు జపాన్ అక్షరాల్లో చెక్కి ఇచ్చాడు. అందుకు డబ్బు తీసుకోలేదు.

ఉక్కు పేరు షిరోగామి, అంటే తెల్ల కాగితం. ఉక్కు తెల్లగా ఉంటుందని కాదు, ఫ్యాక్టరీలో దానికి చుట్టే కాగితం రంగు అది. కార్బన్ 1 శాతం దాటి ఉంటుంది. అసలు ఇలాంటి ఉక్కు మనకేం కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. కార్బన్ అంతుంటే అంచు సన్నగా నిలుస్తుంది. దాంతోపాటే పెళుసుదనమూ వస్తుంది. ఆ రెండో సంగతి నాకు ఐదేళ్లు ఆలస్యంగా తెలిసింది.

కొన్న కొత్తలో నేను చేసిన ప్రచారం అంతా ఇంతా కాదు. నా మాట విని ఇద్దరు స్నేహితులు కొన్నారు కూడా. అప్పుడు ఆర్నెల్ల దాకా సాన అక్కర్లేదన్నాను. మా ఇంట్లో, అంటే ఇద్దరు మనుషులు, రోజూ రెండు కూరలు, ఆరు వారాలకే టమాటా తొక్క మీద జారడం మొదలవుతుంది. ఉల్లిపాయలు తరిగితే కళ్ల నీళ్లు రావన్నాను. రెండు పాయలకు రావు. సత్యనారాయణ వ్రతం రోజు మూడు కిలోలు తరిగినప్పుడు మామూలు కత్తితో ఏడ్చినంతా ఏడ్చాను.

తుప్పు సంగతి అప్పట్లో అసలు చెప్పనేలేదు. మాది విశాఖ, సముద్రపు గాలి. తడి బట్టతో తుడిచి, పొడి బట్టతో మళ్లీ తుడవకుండా పడుకుంటే పొద్దుటికి ఎర్ర చుక్కలు రెడీ. మొదటి నెలంతా ఉల్లిపాయ ముక్కలు గోధుమరంగుకి తిరిగేవి, దోసకాయకి ఇనుము వాసన పట్టేది. తర్వాత ఓ రోజు వేపుడికి నాలుగు పచ్చి అరటికాయలు వరసగా తరిగాను. ఆ వగరుకి కత్తి నల్లబడి, ఆరాక నెమలి కంఠం రంగు తేలింది. మా ఆవిడ పాడైపోయిందనుకుంది. నిజానికి ఆ పొర పట్టాకే వాసన పోయింది, ఎర్ర తుప్పూ తగ్గింది. ఊరెళ్లేటప్పుడు రెండు చుక్కలు కొబ్బరినూనె రాస్తాను. నువ్వులనూనె రాస్తే జిగురు కట్టింది.

ఇక 2021 మే నెల. అత్తగారు ఆవకాయ పెట్టడానికి వచ్చారు. లాక్‌డౌన్ రోజులు, రైతు బజారులో కాయలు కొట్టిపెట్టే మనిషి లేడు. ఇరవై ఐదు కాయలు ఇంటికి తెచ్చాం.

“దాంతో వద్దు అల్లుడుగారూ, టెంక ముదిరిపోయింది. పక్కింట్లో కత్తిపీట అడుగుదాం” అన్నారావిడ.

“ఇది జపాన్ కత్తండీ, చూస్తూ ఉండండి” అన్నాను.

మొదటి కాయ చీలింది. నా మొహం వెలిగిపోయింది. రెండో కాయకి కత్తి టెంకలో ఇరుక్కుంది. పైకి లాగాల్సింది పోయి పక్కకి తిప్పాను. టిక్ మని చిన్న చప్పుడు, గోరు కత్తిరించినంత. తీసి చూస్తే అంచులో బియ్యపుగింజంత నెలవంక లేదు!

కత్తి పోయిందన్న బాధ ఒక్క క్షణమే. ఆ ఉక్కు ముక్క ఎక్కడ? పళ్లెంలో మామిడి ముక్కలున్నాయి, వాటిని తినేది మనుషులు. ఫ్రిజ్ తలుపు మీది వెంకన్న బొమ్మ తీసి, దాని వెనకున్న అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి, ఒక్కో ముక్క మీదా తిప్పాను. దొరకలేదు. నేల మీద, చీపురు పుల్లల్లో, నా లుంగీ మడతల్లో కూడా వెతికాను. ముప్పావుగంట తర్వాత రెండో కాయ టెంక పీచులో దొరికింది. “మీ జపాన్ వాళ్లు ఆవకాయ పెట్టుకోరేమో లెండి” అని అత్తగారు పక్కింటికి వెళ్లి కత్తిపీట తెచ్చారు. అది లారీ కమాన్ కట్టతో చేసింది. ఆ ఉక్కులో కార్బన్ ఇందులో సగమే ఉంటుంది, అందుకే దెబ్బ తగిలితే వంగుతుందేమో కానీ విరగదు. మిగిలిన ఇరవై మూడు కాయలూ దాని మీదే అయిపోయాయి.

అంతటితో ఆగినా బాగుండేది. ఆంక్షలు సడలించగానే మార్కెట్ దగ్గర కరెంటు రాయి మీద సాన పట్టే అతనికిచ్చాను. పాపం అతన్ననడానికి లేదు, రోజూ మటన్ కత్తులు, కత్తెరలు పట్టే చెయ్యి. తొందరగా కావాలన్నది నేనే. నిప్పురవ్వలు లేచాయి, రెండు నిమిషాల్లో నెలవంక మాయమైంది. ఇంటికొచ్చి వెలుతురులో చూస్తే అంచు పొడవునా గ్యాస్ మంటలాంటి నీలం గీత. ఉక్కు మీద ఆ రంగు తేలిందంటే వేడి 300 డిగ్రీల దాకా వెళ్లినట్టు. కమ్మరి 200 డిగ్రీల దగ్గర జాగ్రత్తగా ఇచ్చిన కాక కాస్తా పోయి అంచు మెత్తబడింది. ఆ రోజు కాగితం కోసింది, మర్నాటికి బెండకాయని నలిపింది.

ఆన్‌లైన్‌లో 400 నంబరు గరుకు రాయి తెప్పించి, నీళ్లు చల్లుకుంటూ నాలుగు ఆదివారాలు అరగదీశాను. నీలం పూర్తిగా పోయేసరికి స్కేలు పెట్టి కొలిస్తే కత్తి వెడల్పు 5 మిల్లీమీటర్లు తగ్గింది. కొత్త అంచు మందంగా ఉండి క్యారట్ తెగకుండా టక్కున చీలేది. అదృష్టం కొద్దీ ఈ కత్తికి గట్టి ఉక్కు మధ్యలోనే ఉంటుంది, రెండు వైపులా మెత్తటి ఇనుము. బొబ్బట్టులో పూర్ణంలాగ, కాకపోతే ఇక్కడ గట్టిది లోపల. ఆ మెత్తటి ఇనుము రాయికి తొందరగానే లొంగింది. రెండు పక్కలా పలచన చేసి, ఇంకాస్త నున్నటి 1000 నంబరు రాయి మీద, కత్తి వీపు కింద చిటికెనవేలు దూరేంత ఎత్తులో పెట్టి రుద్దాను. అవతలి వైపు గోటికి సన్నటి గరుకు తగిలింది, అంటే ఈ వైపు అరుగుదల అంచు దాకా చేరినట్టు. వైపు మార్చి నాలుగు సార్లు తేలిగ్గా లాగాను. టమాటా దాని బరువుకే తెగింది. ఆ సాయంత్రం అవసరం లేకపోయినా కిలో టమాటాలు తరిగాను, వారమంతా పచ్చడే.

అప్పట్నుంచి ఆరు వారాలకోసారి పది నిమిషాల పని, కొన్ననాటి పదును. స్టీలు కత్తులతో నాకది ఎప్పుడూ కుదరలేదు. నా చేతకానితనం కూడా కావచ్చు.

కొనమంటారా అంటే, మా ఇంట్లో ముళ్లున్న చేప, ఎముకున్న మాంసం తక్కువ, కూరలే ఎక్కువ. ఆదివారం రాయి ముందు కూర్చునే ఓపిక నాకుంది. వంటింట్లో నలుగురు చేతులు మారే ఇంటికి, గిన్నెలతోపాటు కత్తినీ సింకులో వేసే ఇంటికి మాత్రం చెప్పలేను. నేను చెబితే కొన్న ఇద్దరిలో ఒకతను తుప్పు పట్టించి అటక మీద పడేశాడు. పోగుచేసే పిచ్చి మొదలవుతుందేమోనని కూడా భయపడ్డాను కానీ మూడు కత్తుల దగ్గరే ఆగాను. సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్ పళ్లు కోసుకునే కత్తిని అద్దం వెనక చూసినప్పుడు మాత్రం, దీన్ని ఎన్నాళ్లకోసారి సాన పట్టేవారో అనిపించింది.

ఈ వేసవిలో అత్తగారు వస్తూ బస్సులో గోనెపట్టా చుట్టి తన కత్తిపీట తెచ్చుకున్నారు. వెళ్లేటప్పుడు దాన్ని ఇక్కడే వదిలేశారు.